లారీలో సగం మనదే: తెనాలి, బాపట్ల, రేపల్లె పాత లారీల కథ

ఈ ఎపిసోడ్ లారీల మీద. "అన్నా, కోటలూ గుళ్లూ అయిపోయాయా, లారీల దాకా వచ్చావు?" అని కామెంట్ పెట్టబోతున్న వాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగండి.

విజయవాడ బెంజ్ సర్కిల్ తెలియనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. ఆ పేరు వినగానే కళ్ల ముందు నల్లటి కారు కనపడుతుంది. పాతవాళ్లని అడిగితే మాత్రం వేరే మాట చెప్తారు. ఒకప్పుడు అక్కడ టాటా-బెంజ్ లారీల కంపెనీ ఉండేదని, దాన్నిబట్టే ఆ పేరు పడిందని. మన తాతల నోట్లో బెంజ్ అంటే కారు కాదు, బెంజి లారీ. ధాన్యం బస్తాలు మోసేది, బురదలో దిగబడేది, నలుగురు నెడితే లేచేది.

ఇది ఎలా వచ్చిందంటే, టాటా వాళ్ల టెల్కో కంపెనీ 1945లో జంషెడ్‌పూర్‌లో మొదలైంది, రైలింజన్లు చేయడానికి. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని లారీల్లోకి దిగింది. అదే ఏడాది మొదటి లారీ బయటికొచ్చింది. దాని ముక్కు మీద మూడు కొమ్మల బెంజ్ నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం అయిపోయింది, నక్షత్రం పోయి టాటా వాళ్ల 'టి' గుర్తు వచ్చింది. జనం నోట్లోంచి బెంజ్ మాత్రం పోలా.

అసలు నేను ఈ టాపిక్‌లోకి రావడానికి కారణం ఫ్రెంచ్ లారీలు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా, మరి అసలు ప్యారిస్‌లో పాత లారీలు ఎలా ఉండేవో చూద్దామని ఒక రాత్రి యూట్యూబ్‌లో వెతికా. తెల్లారిపోయింది. బెర్లియే, యునిక్, విల్లెమ్, బెర్నార్, సావియెమ్... ఇన్ని కంపెనీలు. ఇప్పుడు వీటిల్లో ఒక్కటీ లేదు. ముసలి డ్రైవర్లు వాటిని కడిగి, రంగులేసి, ఆదివారం పూట ఊరేగింపుగా తీసుకెళ్తారు. రోడ్డు పక్కన జనం నిలబడి చప్పట్లు కొడతారు, అక్కడక్కడా కళ్లు తుడుచుకునే వాళ్లు కూడా కనపడ్డారు.

వీటిల్లో పెద్దపేరు బెర్లియేది. లియాన్ నగరంలో మారియస్ బెర్లియే అనే ఆయన పెట్టిన కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో వెర్దన్ దగ్గర నెలల తరబడి పోరు నడిచింది. అక్కడి సైన్యానికి తిండీ మందుగుండూ వెళ్లడానికి ఒకే ఒక్క మంచి రోడ్డు మిగిలింది. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ సగటున 14 సెకన్లకొక లారీ పోయేదట. అందులో బెర్లియే సీబీఏ లారీలు బోలెడు. ఆ రోడ్డుని ఇప్పటికీ 'పవిత్ర మార్గం' అనే పిలుస్తారు. 1957లో ఇదే కంపెనీ సహారా ఎడారి చమురు పనులకి టీ100 అని ఒక రాక్షసి లారీ చేసింది. మొత్తం నాలుగే నాలుగు. తర్వాత 1967లో సిట్రోయెన్ చేతికి, 1974లో రెనో చేతికి పోయి, 1980 వచ్చేసరికి బెర్లియే అన్న పేరే ఆగిపోయింది. అయినా 1982లో లియాన్‌లో బెర్లియే ఫౌండేషన్ పెట్టి లారీలు, డ్రాయింగులు, ఫొటోలు, కాయితాలు అన్నీ దాచారు. ఆ నాలుగు టీ100ల్లో ఒకటి ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది.

వాళ్లకీ మనకీ పోలికేంటి అంటారా? ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువొచ్చింది. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో లారీలకి కట్టెల పొయ్యి లాంటి గ్యాస్ ప్లాంటు తగిలించి నడిపారు. బెర్లియే కూడా అలాంటివి చేసింది. సరిగ్గా అదే కాలంలో మన మద్రాసు రాష్ట్రంలోనూ పెట్రోలుకి రేషను. మన బస్సులకీ లారీలకీ వెనక పెద్ద డ్రమ్ము, అందులో బొగ్గు. పొద్దున్నే చేత్తో ఫ్యాను తిప్పి నిప్పు రాజేస్తే, గ్యాస్ తయారయ్యాక బండి కదిలేది. మీ ఇంట్లో 85 దాటిన వాళ్లుంటే "బొగ్గు బస్సు ఎక్కావా" అని అడిగి చూడండి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వదిలించుకున్న షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్ బండ్లని డిస్పోజల్స్‌లో కొని కిరాయికి తిప్పినవాళ్లు చాలామంది.

మన డెల్టాలో ఇంకో సంగతుంది. లారీ రాకముందు ఇక్కడ సరుకు నడిచింది నీళ్ల మీద. 1855కి కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వింది పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. అందుకే దుగ్గిరాలలో లాకులు ఉన్నాయి. లాకులంటే పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో నీటిమట్టానికి దించే తలుపుల గది. దుగ్గిరాల నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా, అక్కడ బకింగ్‌హామ్ కాలువ అందుకుంటే మద్రాసు దాకా పడవలో పోవచ్చు. రైలు కూడా తొందరగానే వచ్చింది. తెనాలి, బాపట్ల మీదుగా మద్రాసు లైను 1899కే కలిసింది, రేపల్లెకి రైలు 1916లో వచ్చింది.

మరి కాలువా రైలూ రెండూ ఉన్నచోట లారీ ఎలా గెలిచింది? నాకు అర్థమైనంతవరకు కళ్లం దగ్గర గెలిచింది. కాలువ ప్రతి ఎండాకాలం మరమ్మతులకి కట్టేస్తారు, అప్పుడు పడవ కదలదు. రైలు స్టేషన్ దగ్గరే ఆగుతుంది. స్టేషన్ దాకా ఎడ్లబండి, అక్కడ దింపడం, మళ్లీ ఎక్కించడం, దిగినచోట మళ్లీ దింపడం. దింపిన ప్రతిసారీ ముఠా కూలీ. లారీ అయితే కొల్లూరు లంకల్లో అరటిగెలలు ఎక్కించుకున్నా, దుగ్గిరాలలో పసుపు ఎక్కించుకున్నా, మధ్యలో ఎక్కడా దింపకుండా సరాసరి కొనేవాడి గుమ్మం ముందుకి వెళ్తుంది. తెనాలి నిమ్మకాయలకి రైలు టైము కోసం ఎదురుచూసే ఓపిక ఉండదు కదా!

అయితే మన రోడ్లు లారీ కోసం వేసినవి కావు. మద్రాసు-కలకత్తా హైవే మనకి దూరంగా గుంటూరు, చిలకలూరిపేట వైపు పోయింది. తెనాలి లారీ పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు వెళ్లి హైవే పట్టుకోవాలి. చాలాచోట్ల కాలవగట్టే రోడ్డు. ఎదురుగా ఇంకో లారీ వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. క్లీనర్ దిగి, "రైట్... రైట్... హోల్డాన్!" అని వెనక నుంచి బాడీ మీద చరుస్తుంటే డ్రైవరు ఆ చప్పుడుని నమ్ముకుని బండి వెనక్కి తీసేవాడు. రేపల్లె పరిస్థితి ఇంకా వింత. పెనుమూడి దగ్గర వంతెన 2000ల్లో వచ్చింది. అప్పటిదాకా రేపల్లె రోడ్డు కృష్ణ ఒడ్డుకొచ్చి ఆగిపోయేది. అవతలి ఒడ్డున పులిగడ్డ కనపడుతూనే ఉంటుంది. మనిషి పడవెక్కి దాటతాడు. లోడు లారీ మాత్రం విజయవాడ దాకా వెళ్లి చుట్టుకుని రావాలి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. నాకు ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది దీనికోసమే.

బెర్లియే ఫ్యాక్టరీలోంచి లారీ బయటికొస్తే అది చాలావరకు లారీలాగే ఉంటుంది, క్యాబిన్‌తో సహా. మన దగ్గర ఫ్యాక్టరీ నుంచి వచ్చేది చాసిస్. అంటే రెండు పొడుగాటి ఇనప దూలాలు, ఇంజను, చక్రాలు, కమాను కట్టలు, స్టీరింగు. క్యాబిన్ లేదు. తలుపు లేదు. దాని మీద ఒక చెక్కపెట్టె లాంటిది కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని ఎండకీ వానకీ ఓర్చుకుంటూ డ్రైవర్లు జంషెడ్‌పూర్ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తోలుకొచ్చేవాళ్లు. అశోక్ లేలాండ్ అయితే మద్రాసు పక్కన ఎన్నూరు నుంచి, అది కాస్త దగ్గర. అశోక్ లేలాండ్‌లో అశోక్ ఎవరో తెలుసా? 1948లో కంపెనీ పెట్టిన రఘునందన్ శరణ్ కొడుకు. మొదట్లో అది అశోక్ మోటార్స్, ఆస్టిన్ కార్లు బిగించేది. ఇంగ్లండు లేలాండ్ వాళ్లు కలిశాక 1955లో పేరు మారింది.

ఆ చాసిస్ వచ్చి ఆగేది బాడీ బిల్డింగ్ షెడ్డులో. మన వైపు దీనికి పెద్ద దిక్కు 1960ల్లో లేచిన విజయవాడ ఆటోనగర్. అక్కడ వడ్రంగి చెక్కతో క్యాబిన్ కడతాడు. కమ్మరి ఇనప పట్టీలు బిగిస్తాడు. టింకరింగ్ వాడు రేకు కొడతాడు. చివరికి పెయింటర్ వచ్చి ముందు దేవుడి పేరు, వెనక 'హారన్ ప్లీజ్', తలుపు మీద ఓనరు పేరూ ఊరూ రాస్తాడు. సీటు వెనక పడుకోవడానికి బల్ల ఎంత వెడల్పు ఉండాలి, దేవుడి పటం ఎక్కడ పెట్టాలి, నీళ్ల డ్రమ్ము ఎక్కడ వేలాడాలి, ఇవన్నీ ఓనరూ డ్రైవరూ పక్కన నిలబడి చెప్పి చేయించుకునేవే. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేశా కాబట్టి నా బుర్రకి ఇలా తట్టింది: హార్డ్‌వేర్ జంషెడ్‌పూర్‌ది, పైన ఎక్కించినదంతా ఆటోనగర్‌ది. ఒకే మోడల్ చాసిస్ మీద కట్టినా ఏ రెండు లారీలూ ఒక్కలా ఉండవు.

అందుకే ఫ్రాన్స్ పద్ధతిలో మన లారీని దాచడం కుదరదు. కంపెనీ దగ్గర చాసిస్ డ్రాయింగ్ ఉండొచ్చు. క్యాబిన్ డ్రాయింగ్ ఎక్కడుంటుంది? వడ్రంగి చేతిలో ఉంటుంది. ఆ చేతికి ఇప్పుడు డెబ్బై ఎనభై ఏళ్లు.

లెక్క కూడా ఒకసారి చూద్దాం. టాటా 1210 అని పాత మోడల్ ఉంది. మొదటి రెండు అంకెలు 12, అంటే బండీ లోడూ కలిపి 12 టన్నులు. చివరి 10 అంటే దాదాపు 100 హార్స్‌పవర్. 1986లో వచ్చిన 407 కూడా ఇదే లెక్క. బండి బరువూ చెక్కబాడీ బరువూ తీసేస్తే ఏడు, ఏడున్నర టన్నులు మిగులుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలైతే వంద. ఈ వంద బస్తాలని వంద గుర్రాల బలంతో, పవర్ స్టీరింగ్ లేకుండా, ప్రతి గేరుకీ క్లచ్ రెండుసార్లు తొక్కుతూ కాలవగట్టు మీద తోలాలి. పేపరు మీద రాసినంత తేలిక కాదు.

రేపల్లె వైపు ఒక రిటైర్డ్ డ్రైవరుని కలిశా. "తాతా, ఆ పాత బెంజి లారీ ఇప్పుడు దొరికితే మళ్లీ తోలతారా?" అని అడిగా. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకేం పని లేదా అబ్బాయ్? ఇంజను వేడికి ఎడంకాలు కమిలిపోయేది. మళ్లీ అదెక్కమంటావా?" అన్నాడు. కాసేపాగి, "చప్పుడు మాత్రం బాగుండేది" అన్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. 1977 నవంబరు ఉప్పెన మాట ఎత్తితే, తర్వాత రోజుల్లో బియ్యం బస్తాలతో ఇటు లారీలు రావడం గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. నేనూ ఇంక అడగలేదు.

కాబట్టి 'ఆ రోజులే వేరు' అని నేననను. ఇంటికి పది రోజులకోసారి రావడం, చెక్‌పోస్టు మామూళ్లు, బత్తా డబ్బుల్లోనే తిండీ క్లీనర్ ఖర్చూ, ఇదీ ఆ బతుకు. ఫ్రాన్స్‌లో డ్రైవర్ల కోసం 1934 నుంచీ 'రూతియే' అని చవక హోటళ్ల జాబితా ఉంది, ఎర్ర నీలం గుండ్రటి బోర్డు చూసి ఆగేవాళ్లు. మనవాళ్లకి హోటల్ జాబితా అంటే ముందు పోయిన డ్రైవరు చెప్పిన మాటే. ఇప్పుడు 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. మంచి రూలు. యాభై ఏళ్లు లేటు, అంతే.

కానీ ఫ్యాక్టరీలోనే కట్టిన క్యాబిన్లు వచ్చాక ఆటోనగర్‌లో వడ్రంగి పని తగ్గిపోయింది. పాత లారీకి మన దగ్గర మిగిలిన దారి తూకం ఒక్కటే. ఇనుము కిలోల లెక్కన పోతుంది, చెక్క పొయ్యిలోకి పోతుంది. తలుపు మీద రాసిన ఊరి పేరు కూడా దాంతోపాటే. సినిమాల్లో చూద్దామంటే 1990లో 'లారీ డ్రైవర్', 2014లో 'ఆటోనగర్ సూర్య' ఉన్నాయి, కానీ వాటిల్లో చూసేది హీరోని.

మీ దగ్గర ఫోనుంది కాబట్టి ఒక పని చేయండి. మీ తాతో, పెదనాన్నో, పక్కింటి బాబాయో లారీ తోలి ఉంటే, ఓనరైనా క్లీనరైనా సరే, బీరువాలో పాత ఆర్‌సీ పుస్తకమో పర్మిట్ కాయితమో ఉందేమో చూడండి. లారీ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని ఎండలో కాకుండా నీడలో పెట్టి నిటారుగా ఫొటో తీయండి, వెనకవైపు రాత ఉంటే అది కూడా. బాడీ ఎవరు కట్టారో, ఏ చెక్క వాడారో, చాసిస్ ఎవరు తోలుకొచ్చారో అడిగి వాయిస్ రికార్డు చేయండి. వాళ్లు "ఇవన్నీ ఎందుకురా ఇప్పుడు" అంటారు. అననివ్వండి, రికార్డింగ్ మాత్రం ఆపకండి. వాళ్లు ఒప్పుకుంటేనే నాకు పంపండి, పేర్లు వద్దంటే తీసేస్తా.

ఆటోనగర్‌లో ఇంకా చెక్క క్యాబిన్ కడుతున్న మేస్త్రీ ఎవరైనా మీకు తెలిస్తే అది ముందు చెప్పండి, వెంటనే బయల్దేరతా. వచ్చే ఎపిసోడ్ దుగ్గిరాల లాకుల మీద, పడవల కథ. ఉంటా మరి.