కథలో తప్పు చేసే హక్కు ఎవరిది?

పదేళ్ల కిందట నేనొక కథ రాశాను. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే సరళ, కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడ్డ రోజున మొదటిసారి లంచం తీసుకుంటుంది. అంతే కథ. ఒక పత్రికకు పంపితే సంపాదకులు ఫోన్ చేశారు. "కథ బాగుందమ్మా. కానీ ఆడమనిషి లంచం తీసుకుంటే పాఠకులకు సానుభూతి పోతుంది. మగవాణ్ణి చెయ్యండి, సమస్య అందరిదీ అవుతుంది" అన్నారు. ఒప్పుకున్నాను. ఒక్క సాయంత్రంలో సరళ సుధాకర్ అయిపోయింది. "తీసుకుంది" ఉన్నచోటల్లా "తీసుకున్నాడు" అని దిద్దాను. కథ అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత మన తొలినాటి కథలూ నవలలూ చదువుతున్నప్పుడు, ఆ ఫోన్‌లో విన్న మాట ఎంత పాతదో తెలిసొచ్చింది.

కందుకూరి వీరేశలింగం 1890ల్లో రాసిన 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' చూడండి. సత్యరాజు చేరిన ఆడుమళయాళంలో పెత్తనమంతా స్త్రీలది. ఇక్కడ ఆడవాళ్లకున్న కట్టుబాట్లు అక్కడ మగవాళ్లకుంటాయి. వితంతువులకు పెళ్లిళ్లు చేయించి, అందుకోసం వెలి భరించిన మనిషి రాసిన పుస్తకమిది. ఆయన ఉద్దేశాన్ని శంకించలేం. కానీ స్త్రీల కష్టం పాఠకుడి ఒంటికి తగలాలంటే, దాన్ని ఒక మగవాడి ఒంటిమీద పెట్టి చూపించాల్సి వచ్చింది. "సమస్య అందరిదీ కావడం" అంటే అప్పటికీ అదే అర్థం.

భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' (1910) కంటే ముందే వచ్చిన కథ. తొలి కథ ఏదన్న చర్చలో మనం ఈ తేదీల గురించి చాలా మాట్లాడుకున్నాం. రెండు కథల్లో ఎవరు మారారన్నది అంతగా అడగలేదు. 'ధన త్రయోదశి'లో పేదరికం వల్ల భర్త వెంకటరత్నం పరుల సొమ్ముకు ఆశపడతాడు. భార్య విజయలక్ష్మి అతణ్ణి దారికి తెస్తుంది. 'దిద్దుబాటు'లో సానుల ఆటపాటలకు అలవాటు పడ్డ గోపాలరావును కమలిని ఒక ఉత్తరంతో దారికి తెస్తుంది. రాసింది ఒకచోట స్త్రీ, ఒకచోట పురుషుడు. రెండు చోట్లా తప్పు చేసేది భర్త, పశ్చాత్తాపపడేది భర్త, మారేది భర్త. భార్య మొదటి వాక్యం నుంచీ మంచిదే. చదువుకున్న కమలిని అయితే కథలో చాలాసేపు మంచం కిందే ఉంటుంది!

కథానాయకత్వం అంటే ఎక్కువ పేజీల్లో కనిపించడం అనుకుంటాం. నా మట్టుకు, తప్పు చేసి, తెలుసుకుని, మారే అవకాశం ఎవరికిచ్చామో కథ వాళ్లదే.

అచ్చమాంబ విజయలక్ష్మికి ఆ అవకాశం ఎందుకివ్వలేదు? ఆమె 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది స్త్రీలు అబలలు, బుద్ధిలేనివాళ్లు అన్న నిందకు జవాబుగా. నిందితుల తరఫున నిలబడ్డ రచయిత్రి తన మనిషి చేత తప్పు చేయించగలదా? ముప్పై ఏళ్లకే, 1905లో, వెళ్లిపోయిన ఆమెకు ఆ బరువు దించుకునే వ్యవధి కూడా దొరకలేదు. నేను సరళను మార్చినప్పుడు నాలోనూ ఆ భయమే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ మచ్చ తెస్తున్నానేమోనన్న భయం.

1927లో చలం 'మైదానం'లో రాజేశ్వరి చేత "నేను" అనిపించాడు. భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన స్త్రీ తన కథ తానే చెప్పుకుంది. తప్పొప్పుల లెక్క తనే వేసుకుంది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ "నేను"ను ఇచ్చిన చెయ్యి మగవాడిది. అదే పుస్తకం ఆ రోజుల్లో ఒక స్త్రీ పేరుతో వచ్చి ఉంటే ఆమెను బతకనిచ్చేవారా అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ వస్తుంది.

1960లు, 70లు రచయిత్రుల యుగం. ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్లు కూడా ఉన్నారంటే ఆ గిరాకీ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేస్తుంది, అభిమానం గల మనిషి. కానీ ఆమె చేయగల పెద్ద తప్పు రాజశేఖరాన్ని అపార్థం చేసుకోవడమే. ఇంకోవైపు వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి'లో రైతు సాంబయ్యను నడిమధ్య నిలబెట్టారు. ఆడవాళ్ల రాతలంటే వంటింటి రాతలని ఎగతాళి చేస్తున్న కాలంలో, భూమి గురించీ డబ్బు గురించీ అంత అధికారంతో రాయడం ఒక గెలుపు. అందులో పట్నం మోజుతో ఇంటిని చెదరగొట్టే పాత్ర మాత్రం కోడలు వరూధినికి దక్కింది. ఆ నవలను వరూధిని వైపు నుంచి రాసి ఉంటే ఎలా ఉండేదో విద్యార్థులతో ఒక్కసారి రాయించి చూడండి.

ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణ ప్రేమించి పెళ్లి చేసుకుని, స్వేచ్ఛ దొరికిందనుకుని, పొరపాటు పడ్డానని గ్రహించి, మళ్లీ వెతుక్కుంటుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే...'లో ఇల్లాలు తన పేరే మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మారే పని, తెలుసుకునే పని ఇప్పుడు స్త్రీది. ఇక్కడికి రావడానికి విజయలక్ష్మి నుంచి ఎనభై ఏళ్లు పైన పట్టింది. అది కూడా కొందరికే. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక, కథలో ప్రధాన పాత్ర "స్త్రీ" అని చెప్పి ఊరుకోలేం. ఏ స్త్రీ అని అడగాలి. మన కథల్లో ఇంటి యజమానురాలు "ఆమె" అవుతుంది, పనిమనిషి "అది" అవుతుంది. ఆ సర్వనామాన్ని ఎన్నుకున్నది మనమే.

తెలుగు వ్యాకరణం కూడా ఏమంత అమాయకం కాదు. "బస్సు వచ్చింది", "సరళ వచ్చింది". ఒంటరి స్త్రీకి వాడే క్రియే ప్రాణం లేని వస్తువుకూ వాడతాం. నలుగురు స్త్రీలు కలిస్తేనే "వచ్చారు". చిన్నయసూరి 'బాలవ్యాకరణము' (1858) సూత్రీకరించిన మహత్తు, అమహత్తు చిన్నప్పుడు బట్టీపట్టినప్పుడు ఇది తట్టలేదు. సుధాకర్ కోసం క్రియలన్నీ దిద్దుతున్నప్పుడు తట్టింది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ కథ మళ్లీ తీశాను. క్రియలు వెనక్కి మారిస్తే చాలనుకున్నాను. చాలలేదు. సుధాకర్ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే భార్య కాఫీ తెచ్చింది. అతను కిటికీలోంచి చూస్తూ అర పేజీ పశ్చాత్తాపపడ్డాడు. సరళకు ఆ అర పేజీ తీరిక లేదు. ఆ డబ్బు హ్యాండ్‌బ్యాగులో ఉండగానే స్టవ్ వెలిగించాలి. డబ్బెక్కడిదని అత్తగారు అడుగుతుంది. ఆమె అపరాధభావమంతా బియ్యం కడిగేలోపల జరిగిపోవాలి.

ఇప్పుడు అక్కడే ఆగి ఉన్నాను. కథ ఇంకా పూర్తి కాలేదు. ఈసారి మాత్రం లంచం తీసుకున్నది సరళే.