సంక్రాంతి తర్వాత బడి వరుసలో

1848లో సావిత్రిబాయి ఫూలే పూణేలో ఆడపిల్లలకు చదువు చెప్పబోతే దారిలో పేడ, మట్టి కొట్టేవాళ్లు. బడికెళ్లి మార్చుకోను ఇంకో చీర పట్టుకెళ్లేదట ఆ తల్లి. మన తెలుగునాట 1874లో వీరేశలింగం పంతులు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టారు. చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లలకు ఉండి చదువుకునే కస్తూర్బా బడులు వచ్చేసరికి 2004 అయింది.

ఆ బడుల్లో పంద్రాగస్టు, దసరా సెలవుల ముందు బతుకమ్మ, జనవరి 3న సావిత్రిబాయి జయంతి జరుపుతారు. రమ్మంటే మనం పోం, కూలి పోతుందని. నిజమే, పోతుంది. కానీ అక్కా, జనవరి 26న మాత్రం వెళ్లండి. జెండా దగ్గర వరుసలో ఎవరు లేరో చూడండి. సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్లీ బడికి పోని పిల్లకు ఒక్కోసారి ఇంట్లో సంబంధం చూస్తుంటారు. 18 నిండకుండా పెళ్లి చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం. ముందు ఆ తల్లితో మాట్లాడండి, వినకపోతే 1098కి ఫోన్ చేయండి.