డాష్‌బోర్డులో ఖాళీ చోటు

కొత్త కారు కొని, దాంతో వచ్చిన స్పీకర్లు పీకించి వేరేవి పెట్టించుకునేవాళ్ళంటే మనలో చాలామందికి చిన్నచూపే. ఊఫర్ పెట్టి వీధంతా అదరగొట్టే కుర్రాళ్ళ సరదా అనుకుంటాం. "కంపెనీ ఇచ్చింది బానే ఉందిగా, మళ్ళీ కెలకడమెందుకు?" అన్న మాట మా ఇంట్లోనూ తరచు వినపడేదే. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ పోతే నాకు తేలిందేమిటంటే, కారులోకి పాటని తెచ్చింది అసలు కార్ల కంపెనీలు కావు, బయటివాళ్ళు. కంపెనీ సిస్టమ్ పుట్టకముందే దాన్ని మార్చుకునే అలవాటు పుట్టింది.

నా ఆసక్తికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ రోజుల్లో ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చుని వినే చోటు చాలామందికి కారే. తెలుగు పాటని మనం రాగం కోసం ఎంత వింటామో మాట కోసం అంత వింటాం. రెండో చరణంలో కవి ఏమన్నాడో వినపడకపోతే ఆ పాట సగమే విన్నట్టు. అందుకని కారులో శబ్దం ఎలా ఉండాలో ఎవరు నిర్ణయిస్తారన్నది నా దృష్టిలో చిన్న విషయం కాదు.

స్టాలు దొరకని మనిషి

1930 జూన్‌లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సమావేశం జరిగింది. షికాగోలో చిన్న ఫ్యాక్టరీ నడుపుకుంటున్న పాల్ గాల్విన్‌కి అక్కడ స్టాలు లేదు. అంతకుముందు ఏడాదే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, వ్యాపారం దెబ్బతింది. ఆయన తన స్టూడిబేకర్ కారులో రేడియో బిగించుకుని, అంత దూరమూ నడుపుకుంటూ వెళ్ళి, సమావేశం బయట కారు ఆపి వచ్చేపోయేవాళ్ళకి వినిపించాడు. ఆర్డర్లు పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ రేడియోకి పెట్టిన పేరు మోటరోలా. అప్పట్లో ఇళ్ళల్లో మోగే విక్ట్రోలా అనే గ్రామఫోన్ పేరులోని తోకని మోటారు కారుకి అతికించాడన్నమాట. ఆ పేరే 1947లో కంపెనీ పేరైంది.

దాన్ని బిగించడం మాత్రం మామూలు పని కాదు. డాష్‌బోర్డు విప్పాలి, యాంటెన్నా తీగని పైకప్పులో పరచాలి. వాల్వులకి కారు బ్యాటరీ వోల్టేజీ చాలదు కాబట్టి వేరే బ్యాటరీలు నేల కింద దాచాలి. ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు కొట్టుకున్నప్పుడల్లా పాటలో చిటపటమనే చప్పుడు రాకుండా చూడాలి. అన్నీ కలిపి వంద డాలర్ల పైనే ఖర్చు, అదీ కొత్త ఫోర్డ్ కారు ఐదారొందల డాలర్లకి దొరికే రోజుల్లో. జర్మనీలోనూ ఇదే వరస. 1932లో బ్లౌపుంక్ట్ తెచ్చిన కారు రేడియో బరువు 15 కిలోలు, వెల 365 మార్కులు, అంటే చిన్న కారు ధరలో మూడో వంతు. అయినా కొన్నారు. పాట కోసం కారుని కోయడానికి జనం మొదటి రోజు నుంచే సిద్ధపడ్డారు.

తాళం వేసిన పాట

లాభం కనపడ్డాక కార్ల కంపెనీలు రంగంలోకి దిగాయి. వాటి ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చిన కథ క్రైస్లర్‌ది. 1956 మోడల్ కార్లలో అది ఏకంగా గ్రామఫోనే పెట్టింది. పేరు హైవే హై-ఫై. సీబీఎస్ ప్రయోగశాలలో ఎల్పీ రికార్డుని రూపొందించిన పీటర్ గోల్డ్‌మార్క్ దీన్నీ తయారుచేశాడు. గతుకుల్లో ముల్లు ఎగిరిపడకుండా రకరకాల జాగ్రత్తలు తీసుకున్నాడు. కానీ ఆ ప్లేయర్ మీద ఆడేవి నిమిషానికి 16⅔ చుట్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులు మాత్రమే. వాటిని వేసేది కొలంబియా ఒక్కటే. మీ ఇంట్లో వంద రికార్డులున్నా కారులో పనికిరావు. కారులోవి ఇంట్లో పనికిరావు. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ వేడుక ముగిసింది. పాటతో పాటు తాళం కూడా అమ్మితే జనం కొనరని కంపెనీలకి అప్పుడే అర్థం కావాల్సింది.

తర్వాతి మలుపు మళ్ళీ బయటివాళ్ళదే. 1930లో గాల్విన్ రేడియో వెనక పనిచేసినవాళ్ళలో విలియం లియర్ ఒకడు. చిన్న జెట్ విమానాలతో పేరు తెచ్చుకున్న ఆ మనిషే 1964లో ఎయిట్-ట్రాక్ టేపు తెచ్చాడు. ఫోర్డ్ దాన్ని 1966 మోడల్ కార్లలో కావాలన్నవాళ్ళకి ఇచ్చింది. దాని లోపం వింటే మనకి నవ్వొస్తుంది. టేపు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మారేటప్పుడు పాట ఒక్కోసారి మధ్యలో తెగి, "క్లక్" మని శబ్దమొచ్చి, మళ్ళీ అందుకునేది. చివరికి ఫిలిప్స్ వారి చిన్న క్యాసెట్టు అన్నిటినీ మింగేసింది. 1963లో వచ్చిన ఆ క్యాసెట్టులో గొప్ప నాణ్యతేమీ లేదు. కానీ ఇంట్లో మోగేదే కారులోనూ మోగుతుంది, పైగా మనకిష్టమైన పాటలు మనమే ఎక్కించుకోవచ్చు. కారులో ఏం మోగాలో మొదటిసారి వినేవాడి చేతికొచ్చింది.

ఈ కాలంలోనే ఐరోపాలో ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరిగింది. కారు రేడియో పట్టే రంధ్రానికి ఒక కొలత కుదిరింది. సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. జర్మన్ ప్రమాణాల సంస్థ పేరు మీద దాన్ని "డిన్" అన్నారు, తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. మన షాపుల్లో ఇప్పటికీ "సింగిల్ డిన్నా, డబుల్ డిన్నా?" అని అడిగేది దీని గురించే. ఈ కొలత ఉండబట్టే ఏ కంపెనీ కారులోనైనా ఏ కంపెనీ డెక్కయినా దూరేది. ప్రజాస్వామ్యం అన్న మాట పెద్దదేమో గానీ, డాష్‌బోర్డు మీద దాని రూపం మటుకు ఈ దీర్ఘచతురస్రమే.

రాణిగంజ్, గుజరాతీ గల్లీ, ఆటోనగర్

మన దగ్గర ఈ చరిత్రకి ఇంకో రుచి ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 చివర్లో వచ్చిన మారుతి 800 - వీటిని కొన్నవాళ్ళలో చాలామందికి కంపెనీ ఇచ్చింది ఖాళీ చోటే. మిగతాది మనం చూసుకోవాలి. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, కోఠీ గుజరాతీ గల్లీలో, విజయవాడ ఆటోనగర్‌లో ఒక పనితనం పెరిగింది. వెనక అద్దం కింది పలకని కోసి ఓవల్ స్పీకర్లు దించడం, ఏ తీగ దేనికెళ్తుందో మీటరు పెట్టి పట్టుకోవడం, మురికి పట్టిన క్యాసెట్ హెడ్డుని స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ పాడించడం. పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు ఇవి.

ఆ డెక్కుల్లో మోగిన సరుకూ కొత్తదే. 1980ల్లో చవక క్యాసెట్లు మన దేశపు సంగీత వ్యాపారాన్ని ఎలా తలకిందులు చేశాయో పీటర్ మాన్యుయెల్ 1993లో "క్యాసెట్ కల్చర్" అన్న పుస్తకంలో వివరంగా రాశాడు. ఆయన రాసింది ఉత్తర భారతం గురించే. కానీ మా జిల్లాలో అద్దె కార్ల డ్రైవర్లకి ఆ పుస్తకంతో పనిలేకుండానే ఆ సంగతి తెలుసు. పొద్దున బయల్దేరేటప్పుడు ఘంటసాల భగవద్గీత, ఊరు దాటాక ఇళయరాజా. ఎవరి కారులో పాట బాగా వినపడుతుందో చూసుకుని ఎక్కేవాళ్ళని నేనెరుగుదును.

కంపెనీ ఇచ్చిన గట్టి జవాబు

కార్ల కంపెనీల తరఫున చెప్పుకోవలసిన మాట కూడా ఒకటుంది. దాన్ని మొదట గట్టిగా చెప్పింది అమర్ బోస్. బెంగాల్ నుంచి అమెరికా వెళ్ళిపోయిన విప్లవకారుడి కొడుకు, ఎం.ఐ.టి.లో ప్రొఫెసర్. ఆయన వాదన ఇది. మీ ఇంట్లో సోఫా ఎక్కడుందో, గోడ ఎంత దూరముందో స్పీకర్ చేసేవాడికి తెలియదు. కారులో అలా కాదు. అద్దాలెక్కడో, సీటు గుడ్డ ఏదో, వినేవాడి తల ఎక్కడుంటుందో ముందే తెలుసు. కాబట్టి శబ్దాన్ని ఆ కారుకే కొలిచి కుట్టవచ్చు. జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ క్యాడిలాక్, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో కొన్నిటికి ఆయన ఈ పని చేసి చూపించాడు.

ఆ వాదన నిజం. కాకపోతే ఆ శ్రద్ధ ఖరీదైన కార్లకే దక్కింది. మామూలు మోడల్‌కి వచ్చేవి ఇప్పటికీ పల్చటి పేపర్ కోను, చిన్న అయస్కాంతం ఉన్న స్పీకర్లే. అవి చిరిగిపోకుండా చాలా కార్లలో వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ దానంతటదే తగ్గేలా ముందే లెక్క కట్టి పెడతారు. మీరు నాబ్ తిప్పుతారు గానీ పాట మీ మాట పూర్తిగా వినదు.

డెక్ మీద "50 వాట్లు ఇంటూ నాలుగు" అని రాసుంటుంది కదా, దాని సంగతీ చూద్దాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికే వోల్టేజీ 14.4 దాకా. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి దాన్ని నేరుగా ఇస్తే, ఎక్కడా నష్టం లేదనుకున్నా, గరగర లేకుండా వచ్చేది 26 వాట్ల లోపే. వాస్తవానికి ఇరవై అటూఇటూ. విడిగా యాంప్లిఫయర్ పెట్టేది ఇందుకే. అది ముందు వోల్టేజీని పెంచుకుని, ఆ తర్వాత పాటకి బలమిస్తుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది తలుపు. ఇంట్లో స్పీకర్‌కి చెక్కపెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె స్థానంలో ఉన్నది చిల్లులున్న రేకు తలుపు. కోను ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ చిల్లుల్లోంచి కలుసుకుని ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బేస్ పోతుంది. లోపల రేకుకి బ్యూటైల్ షీట్లు అంటించి చిల్లులు మూస్తే, పాత స్పీకరే కొత్తగా పలుకుతుంది. రోడ్డు రొద కూడా కొంత తగ్గుతుంది. ఆ రొదలో ఎక్కువ భాగం లోతు శబ్దమే. దాన్ని దాటడానికి బేస్ పెంచుతాం, పెంచిన బేస్ గొంతుని కప్పేస్తుంది, మళ్ళీ వాల్యూమ్ పెంచుతాం. పాటలో మాట పోయేది ఈ గొడవలోనే.

ఇంకొకటి. మనం కుడివైపు కూర్చుని నడుపుతాం. కుడి తలుపు స్పీకర్ ఎడమదాని కంటే అర మీటరు దగ్గరుందనుకోండి, దాని శబ్దం సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్లు ముందొస్తుంది. చెవికి అది చాలు, గొంతు మొత్తం కుడి తలుపులోంచి వస్తున్నట్టుంటుంది. డీఎస్పీ అనే చిన్న పెట్టె కుడివైపు శబ్దాన్ని ఆ మేరకు ఆపి వదులుతుంది. అప్పుడు గాయకుడు వచ్చి ఎదురుగా డాష్‌బోర్డు మీద నిలబడతాడు.

మూసుకున్న చోటు

ఇప్పుడు ఆ దీర్ఘచతురస్రం కనుమరుగవుతోంది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో పాట రాగి తీగ వదిలేసి ఫైబర్ తీగలోకి వెళ్ళింది. మీటరు పెట్టి తీగ పట్టుకునే మనిషికి అక్కడ పట్టుకోవడానికేమీ మిగల్లేదు. ఆ తర్వాత పెద్ద తెరలొచ్చాయి. ఏసీ, రివర్స్ కెమెరా, దారి చూపే మ్యాపు అన్నీ అందులోనే. తెర తీస్తే కారు సగం పోతుంది. జేబీఎల్, ఇన్ఫినిటీ పేర్లతో బయట స్పీకర్లు అమ్మే హర్మన్ సంస్థే కార్ల కంపెనీలకీ సిస్టమ్‌లు సరఫరా చేస్తుంది. దాన్ని 2017లో సామ్‌సంగ్ కొనేసింది. లోపలివాళ్ళు, బయటివాళ్ళు అన్న గీత అక్కడే చెరిగిపోయింది.

షోరూముల్లో "తీగ ముట్టుకుంటే వారంటీ పోతుంది" అని బెదిరించడం కూడా మామూలే. నాకూ ఒకచోట ఆ మాటే చెప్పారు. అయితే 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల పైగా జరిమానా వేసింది. అది విడి భాగాలు, రిపేర్ల గురించిన కేసు. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దంటూ గంపగుత్తగా షరతు పెట్టడం కుదరదని ఆ ఉత్తర్వు చెప్పింది. తర్వాత అప్పీళ్ళు నడిచాయి. స్పీకర్ల మార్పిడికి ఇది నేరుగా వర్తిస్తుందని నేననను. మీరు చేయించిన పని వల్లే ఏదైనా కాలిపోతే ఆ నష్టం మీదే. కానీ కొన్న వస్తువు మీద కొన్నవాడికి హక్కెంత అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే.

నా కారులో తెర కదపలేదు. ముందు తలుపుల్లో షీట్లు, రెండు మంచి స్పీకర్లు, సీటు కింద డీఎస్పీ ఉన్న చిన్న యాంప్లిఫయర్, అంతే. ఎక్కడా తీగ కోయకుండా, ప్లగ్గుకి ప్లగ్గు కలిపే జోడింపులతో చేయించాను. రేపు కావాలంటే ఉన్నదున్నట్టు వెనక్కి పెట్టుకోవచ్చు. పనంతా చేసిన కుర్రాడు చివర్లో బేస్ దద్దరిల్లే పాటేదో పెట్టబోయాడు. నేను పాత మోనో పాట ఒకటి పెట్టమన్నాను. "దీంట్లో ఏం తెలుస్తుంది సార్?" అన్నాడు. రెండో చరణం దాకా ఆగమన్నాను. పల్లవి అయ్యేలోపే వాల్యూమ్ తగ్గించాడు. తగ్గించినా మాట స్పష్టంగానే ఉంది.