మాంత్రికుడు స్వదేశమును విడిచిన కథ: బాలుర అద్భుతగాథలలో మాయయు ప్రణయమును

రాష్ట్రేతరాంధ్రుల సారస్వతసేవను గూర్చి ముచ్చటించునపుడు మనము తంజావూరు యక్షగానములను, మధుర నాయకరాజుల కాలపు వచనకావ్యములను స్మరించుట పరిపాటి. అది న్యాయమే. కాని 20వ శతాబ్దమున చెన్నపట్టణమునుండి వెలువడి, తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడిన పొరుగు రాష్ట్రములకెల్ల ఆయా భాషలలో చేరిన బాలసాహిత్య మొకటి కలదు. పండితులు దానిని పిల్లల చేతి కాగితముగా నెంచి విడిచిపెట్టిరి. అది 'చందమామ' మాసపత్రికలోని అద్భుత ధారావాహికల సముదాయము.

ఈ ధారావాహికలు శూన్యమునుండి పుట్టినవి కావు. మాయను ప్రణయముతో ముడివేయుట మన కథకులకు వెన్నతో బెట్టిన విద్య. 16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున మాయ యంతయు కోరికకు దాసియై మెలగినది. నలకూబరుని వలచిన కలభాషిణి రంభ రూపమును దాల్చును. రంభను గోరిన మణికంధరుడు నలకూబరుని రూపమును దాల్చును. అసలు జంటయు మాయజంటయు నెదురుపడిన ఘట్టమున పాఠకునికే దిగ్భ్రమ కలుగును. ఇచట మాంత్రికుడు శత్రువు కాడు, వలచినవారే మాయావులు.

జంగముల నోట వ్యాపించిన బాలనాగమ్మ కథలో ఈ సంబంధము తలక్రిందైనది. మాయ పరపురుషుని చేతికి చిక్కినది. ప్రణయము పాతివ్రత్యముగా మారినది. బాలనాగమ్మ వ్రతము నెపమున ఏండ్ల తరబడి మాంత్రికుని దూరముగా నిలిపి యుంచును. ఆమెను విడిపించువాడు భర్త కాడు, కన్నకొడుకు బాలవర్ధిరాజు. మాంత్రికుని ప్రాణము చిలుకలో నున్నదని యెఱిగి, ఆ చిలుకను పట్టి వానిని చంపును. గమనింపదగిన దేమన, ఆ దుష్టునికి పేరు 'మాయల మరాఠి'. మహారాష్ట్రమున తరతరములుగా నివసించుచున్న మన సోదరులు ఈ పేరును విని నవ్వుకొందురో, నొచ్చుకొందురో!

ఈ కథను 1942లో చెన్నపట్టణపు జెమినీ సంస్థ చలనచిత్రముగా తీసినది. 1951లో విజయా సంస్థ 'పాతాళభైరవి'ని విడుదల చేసినది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఛాయలు దీనిపై కలవు. తోటమాలి కొడుకు రాకుమారిని వలచును. రాజు సంపద తెమ్మనును. ఆ సంపదకై రాముడు మాంత్రికుని వెంట నడచును. బలికావలసినవాడే మాంత్రికుని బలియిచ్చి ప్రతిమను గైకొనును. పేదవాని ప్రణయమునకు మాయ నిచ్చెనయైనది. ఇచటను మాంత్రికుడు నేపాళ దేశమువాడే. మన కథలలో మంత్రము పొలిమేర దాటి వచ్చుట యొక అలవాటు. పరాయివాని విద్య భయంకరమను తలంపు దీనిలో దాగియున్నది. పరాయిదేశమున కాపురమున్నవారు ఈ విషయమును కొంచెము నిదానించి యాలోచింపవలెను, ఏలయన పొరుగువారి కథలలో పరాయివారము మనమే.

ఆ విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గారలే 1947 జూలైలో చందమామను స్థాపించిరి. ఆ యేడే తమిళమున 'అంబులిమామ' బయలుదేరినది. 1949లో కన్నడము, 1952లో మరాఠీ 'చాందోబా', 1956లో ఒడియా 'జహ్నమాము' తోడైనవి. కథ ఒక్కటే, బొమ్మ ఒక్కటే, లిపి మాత్రము వేరు. 1952నుండి 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వము వహించి, తేటయైన వచనమును తీర్చిదిద్దిరి.

1954లో 'తోకచుక్క'తో ఆరంభించి 1978 వరకు దాసరి సుబ్రహ్మణ్యం గారు వరుసగా అద్భుత ధారావాహికలు వ్రాసిరి. పత్రికలో ఆయన పేరు ఉండెడిది కాదు. చదివిన బాలురకు రచయిత యెవరో చాలకాలము తెలియదు. వీనిలో మాంత్రికులు, రాక్షసులు, గండభేరుండములు, శిథిలాలయములు కోకొల్లలు. కాని పేర్లను చూడుడు. ఆయన చివరి ధారావాహికకు శీర్షిక 'భల్లూక మాంత్రికుడు'. మరాఠి పోయెను, నేపాళము పోయెను; మాంత్రికుడు ఎలుగుబంటి పేరుతో వచ్చెను. రాజ్యములును చాలవరకు కల్పితములే. పలు భాషల బాలురకు ఒకే కథను వినిపింపవలసినప్పుడు ఎవ్వరి దేశమును దుష్టునికి కట్టబెట్టుటకు వీలులేదు గదా! ఉద్దేశించి చేసిరో, కథనసౌకర్యమునకై చేసిరో కాని, ఫలితము మేలైనది.

ప్రణయము గతి వేరు. అది వెనుకకు జరిగినది. 'యక్షపర్వతము'న ఖడ్గవర్మ, జీవదత్తులు. 'మాయాసరోవరము'న జయశీలుడు, సిద్ధసాధకుడు. 'శిథిలాలయము'న శిఖిముఖి, విక్రమకేసరి: కథను నడపునది ఇట్టి జంట మిత్రుల స్నేహము. సూరన కాలమున మాయను పుట్టించిన వలపు ఇచట కథాగమనమునకు ప్రేరకము కాదు. పిల్లల పత్రికకు ఇది తగిన నియమమని ఒప్పుకొందును. అయినను కలభాషిణి వంటి సాహసవతియైన నాయిక కనుమరుగగుట నష్టమే. బాలికలకు ఆ కథలలో తమవంటి నాయిక అరుదుగానే దొరకెను.

ఇక మనకు సంబంధించిన మాట. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు కలవు. ఆ యిండ్లలోని పిల్లలు పలువురు బడిలో తమిళము చదువుదురు. తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. అట్టి పిల్లవాని ముందు ఒకే నెల చందమామను, అంబులిమామను పెట్టినచో, తెలిసిన లిపిలో కథ నెఱిగి, అదే బొమ్మ ప్రక్కనున్న తెలియని లిపిని కూడబలుకుకొనవచ్చును. వాక్యములు చిన్నవి, మాట యింటిదే. రాక్షసుడేమయ్యెనో తెలిసికొనవలెనను ఆత్రము గుణింతముల శ్రమను మఱపించును. పాఠశాల పెట్టలేనిచోట ఇంతకంటె చవుకయైన వాచకము మఱియొకటి లేదు.

చందమామ ఇపుడు వెలువడుట లేదు. దాసరివారు 2010లో గతించిరి. కొన్ని ధారావాహికలు పుస్తకరూపమున వచ్చినవి గాని, అవి తెలుగు ప్రతులు మాత్రమే. ప్రక్కన పెట్టుకొనుటకు తమిళ, ఒడియా ప్రతులు కావలెనన్నచో పాత సంచికలను వెదకవలసినదే. ఇండ్లలో ఇట్టి సంచికలున్నవారు రెండు భాషలవానిని వేరుచేయక, నెలల వరుసను జతపఱచి యుంచుడని ప్రార్థన. కట్టలు విప్పునపుడు ముఖపత్రములను చింపి గోడలకంటించు అలవాటును మానుకొందురుగాక. నెలయు సంవత్సరమును తెలియకున్న రెండు ప్రతులను జతగూర్చుట కష్టము.