మీసాల చేప చెప్పిన సాక్ష్యం

ఉత్తర అమెరికా ఉత్తర ప్రాంతాలలో శీతకాలం వస్తే చెరువులమీద నీరు గడ్డకట్టుకొని పోతుంది. వసంతంలో ఆ మంచు కరిగి, ఒడ్డువార లోతు తక్కువగా ఉన్న బురదనీరు ముందుగా వెచ్చబడుతుంది. అంతవరకు అడుగున కదలక మెదలక పడివున్న బుల్‌హెడ్ అనే చేప అప్పుడు మేతకు బయలుదేరుతుంది. పొద్దుగూకేవేళకు పిల్లలూ పెద్దలూ గాలాలు పట్టుకొని గట్టు చేరుతారు. గాలానికి వానపామునో, కార్జపు ముక్కనో గుచ్చి నీటి అడుగుకు దించుతారు. హెన్రీ డేవిడ్ థోరో అనే అమెరికను రచయిత 1854లో వెలువడిన తన 'వాల్డెన్' గ్రంథంలో, రాత్రివేళ పడవమీద కూర్చొని ఈ చేపను గాలంతో పైకి లాగిన ముచ్చట చెప్పినాడు.

చీకటి రాత్రి, బురదనీరు. చూపు ఆనని అటువంటి చోట ఎర ఉన్నదని చేపకు ఎట్లా తెలిసింది? గాలం వేసేవారు తరతరాలుగా ఎరిగిన సంగతే ఇది. అయితే దానికి కారణం తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది.

జెల్లకు దూరపు చుట్టం

గోధుమరంగు బుల్‌హెడ్‌ను 1819లో లెస్యూర్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు. నేడు దీని శాస్త్రనామం అమీయూరస్ నెబులోసస్. మన చెరువులలోని జెల్ల, వాలుగ, మార్పు చేపలున్న క్రమంలోనిదే ఇదీ. కుటుంబం మాత్రం వేరు. ఒంటిమీద పొలుసులు లేవు. నోటిచుట్టూ నాలుగు జతల మీసాలున్నవి. వీపు వాజానికీ, రొమ్ము వాజాలకూ ముందు గట్టి ముళ్ళున్నవి. జెల్లను చేతితో పట్టి చూసినవారికి ఆ ముళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఒళ్ళంతా నాలుకే

మనకు రుచి తెలిపే సూక్ష్మమైన మొగ్గలు నోటిలోనే ఉంటవి. ఈ చేపకు అవి మీసాలమీదనే కాక చర్మమంతటా ఉన్నవి. చార్లెస్ జడ్సన్ హెరిక్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ మొగ్గల పనిని ప్రయోగాలతో పరీక్షించినాడు. మాంసరసంలో తడిపిన దూదిని చేప ఒంటికి తాకిస్తే, అది వెంటనే వెనుకకు తిరిగి దూదిని నోట కరచుకొన్నది. వట్టి దూది తాకించినప్పుడు మొదట్లో తిరిగినా, కొన్నాళ్ళకు దానిని లెక్కచేయడం మానివేసింది. తాకిడి వేరు, రుచి వేరు అని దీనివల్ల తేలింది.

కాని తాకిన ఎర సంగతి ఇది. దూరాన ఉన్న ఎర మాటేమిటి? హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జి పార్కర్ 1910లో దీనికి జవాబు ప్రకటించినాడు. తరిగిన వానపాములను గుడ్డలో మూటకట్టి నీటిలో వేలాడదీసినాడు. మీసాలు తీసివేసిన చేపలు సైతం ఆ మూటను పసిగట్టినవి. మెదడుకు వాసన చేరవేసే మార్గం తెగిన చేపలు మాత్రం పసిగట్టలేకపోయినవి. కనుక దూరాన ఉన్నదానిని తెలిపేది వాసనే అన్నాడు.

అక్కడితో విచారణ ముగియలేదు. 1967లో అమెరికాలో బార్డాక్, ఆయన సహచరులు వాసన తెలియని చేపలు కూడా రుచి ఆధారంగా దూరపు ఆహారాన్ని చేరగలవని చూపినారు. ఒకవైపు రుచి అవయవాలను తొలగిస్తే చేప రెండోవైపుకే గిరగిర తిరిగింది. అంటే కుడి ఎడమల రుచిని పోల్చుకొంటూ దారి పడుతున్నదన్నమాట! 1971లో ఆటెమా అనే శాస్త్రజ్ఞుడు పసుపు బుల్‌హెడ్ శరీరంపై సుమారు 1,75,000 రుచిమొగ్గలున్నట్లు లెక్కకట్టినాడు.

ఈలకు పలికిన చేప

చేపకు చెవుడని ఒకప్పుడు పలువురు పండితులు నమ్మినారు. జర్మనీలో ఒట్టో కోర్నర్ అనే చెవి వైద్యుడు రకరకాల చప్పుళ్ళు చేసి చూసి, చేపలు చలించకపోయేసరికి వాటికి వినికిడి లేదన్నాడు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఇంకొక విధంగా ఆలోచించినాడు. తనకు సంబంధంలేని శబ్దానికి చేప ఎందుకు కదలాలి? ఆయన ఒక బుల్‌హెడ్‌ను తీసుకొని, కళ్ళతో చూసి వచ్చిందన్న అనుమానం రాకుండా దానిని గుడ్డిదానిని చేసి, మేతపెట్టే ముందు ప్రతిసారీ ఈల వేసినాడు. కొద్దిరోజులకే, మేత లేకున్నా ఈల వినగానే చేప తన గొట్టంలోనుండి బయటకు వచ్చింది. ఈ ఫలితం 1923లో వెలువడింది. ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం లభించినది ముఖ్యంగా తేనెటీగలపై చేసిన కృషికి.

చేప చెవి బయటకు కన్పించదు. గాలితిత్తి కదలికలను లోపలి చెవికి అందించే చిన్న ఎముకల గొలుసును ఎర్నెస్ట్ వెబర్ 1820లోనే వర్ణించినాడు. మన జెల్లకూ, బొచ్చెకూ, శీలవతికీ కూడా ఆ ఎముకలున్నవి. అవయవం కంటి ఎదుటనే ఉన్నది. సరియైన ప్రశ్న అడిగేందుకు నూరేళ్ళు పట్టింది.

మనకేమి?

1965లో బార్డాక్ బృందం మరొక సంగతి బయటపెట్టింది. బట్టలుతికే డిటర్జెంటు నీటిలో స్వల్పంగా కలిసినా పసుపు బుల్‌హెడ్ రుచిమొగ్గలు చెడిపోయినవి. పిదప మంచినీటిలో వారాల తరబడి ఉంచినా ఆ చేపలకు ఆహారాన్ని పసిగట్టే శక్తి తిరిగి రాలేదు. చేప చావలేదు, తేలలేదు. పైకి చూస్తే నీరు బాగానే ఉన్నది. అయినా చేప తన తిండి దారిని పోగొట్టుకొన్నది. ఊరి చెరువులోకి మురుగు వదిలేటప్పుడు దీనిని గుర్తుంచుకోవాలి.

ఉపాధ్యాయులు బడిలో ఒక గాజుతొట్టి ఉంచి, చేపకు ఏ బాధా కలిగించకుండా, తెరచాటున నిలిచి, మేతకు ముందు రోజూ ఈల వేయించి చూడవచ్చు. చేప వస్తే విద్యార్థులకు సంతోషం కలుగుతుంది. రాకపోతే, "చేపకు చెవుడు" అని వెంటనే రాయవద్దని, మన ప్రశ్నలో లోపమేమిటో ముందు వెతకమని చెప్పాలి.