బేటరీ లేకుండా నడిచిన టెలిగ్రాఫు లైను

1859 సెప్టెంబరు 2వ తేదీ ఉదయం అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లాండ్ ఊళ్ల మధ్య టెలిగ్రాఫు లైనులో ఒక విడ్డూరం జరిగింది. ఎక్కడినుంచో కరెంటు వచ్చి పడుతూ సిగ్నల్స్‌ను పాడుచేస్తోంది. చివరికి ఆపరేటర్లిద్దరూ మాట్లాడుకుని రెండు వైపులా బేటరీలు విప్పేశారు. అయినా లైను నడిచింది! అలా వచ్చిపడిన కరెంటు మీదనే సుమారు రెండు గంటలసేపు వార్తలు పంపుకున్నారు. మోర్సు కీ మీద చెయ్యి వేసి ఉద్యోగం చేసిన మన శాఖవారికి ఇందులోని వింత విడమరచి చెప్పనక్కరలేదు. తీగ ఉంది, ఎర్తు ఉంది, బేటరీ లేదు. మరి కరెంటు ఎవరిచ్చినట్టు?

ఇచ్చినవాడు సూర్యుడు. అయితే ఎలా ఇచ్చాడన్నది తేలడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథలో మన దేశపు రిజిస్టరు ఒకటి గొప్ప సాక్ష్యమైంది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో దాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

రెడ్‌హిల్‌లో మెరుపు, కొలాబాలో లెక్క

ముందురోజు, సెప్టెంబరు 1న, లండనుకు దక్షిణాన ఉన్న రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అలవాటు ప్రకారం సూర్యుడి మచ్చల బొమ్మ గీస్తున్నాడు. ఉదయం 11 గంటల 18 నిమిషాలకు ఒక పెద్ద మచ్చల గుంపు మీద కళ్లు చెదిరే రెండు తెల్లని వెలుగులు కనిపించాయి. సాక్షిని పిలుద్దామని పరుగెత్తి నిమిషంలో తిరిగి వచ్చేసరికే అవి మందగించాయి. అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. అదృష్టవశాత్తు రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరొకాయన అదే వెలుగును వేరేచోట నుంచి చూశాడు. సుమారు పదిహేడున్నర గంటల తరవాత భూమి మీద అయస్కాంత తుపాను విరుచుకుపడింది. భూమి అయస్కాంత క్షేత్రం వేగంగా మారితే పొడుగాటి తీగల్లో కరెంటు పుడుతుంది. డైనమో సూత్రమే ఇది. బోస్టన్ లైనుకు బేటరీ అయింది అదే.

ఆ తుపాను ఎంత పెద్దది? లండను దగ్గర క్యూ పరిశోధనశాలలో ఫొటో కాగితం మీద గీత గీసే యంత్రం ఉండేది. తుపానుకు ఆ గీత కాగితం దాటి బయటికి పోయింది. బొంబాయిలోని కొలాబా పరిశోధనశాలలో మాత్రం మనుషులే వేలాడే అయస్కాంతం కదలికను కంటితో చూసి అంకెలు రాసేవారు. సెప్టెంబరు 2న వారు రాసిన అంకెల ప్రకారం భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. మామూలు తుపానుల్లో ఈ తగ్గుదల వంద, రెండు వందలకు మించదు. ఆ కాగితాలను మన భారత భూఅయస్కాంత సంస్థవారు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి పరిశీలించి 2003లో ప్రకటించారు. అంత పెద్ద తగ్గుదలకు కారణమేమిటన్న వాదన ఆ తరవాత నడిచింది గాని, అంకెను తోసిపుచ్చినవారు లేరు. బొంబాయిలో కరెంటు ట్రాములు రాబోతుంటే వాటివల్ల లెక్కలు చెడకూడదని 1904లో ఈ పనిని అలీబాగ్‌కు మార్చారు. అంకెల మీద వారికున్న శ్రద్ధ అలాంటిది.

కెల్విన్ దొర అభ్యంతరం

సూర్యుడికీ తుపానుకూ సంబంధం ఉందని కారింగ్టన్ గట్టిగా అనలేదు. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని సిద్ధాంతం చేయకూడదన్నది ఆయన జాగ్రత్త. 1892లో లార్డ్ కెల్విన్ అయితే అసలు సంబంధమే లేదని తేల్చేశాడు. ఆయన 1885 జూన్ నాటి ఒక సాధారణ తుపానుకు లెక్క కట్టాడు. ఎనిమిది గంటల ఆ తుపానుకు సూర్యుడే కారణమైతే, నాలుగు నెలలపాటు వెలుగుగా, వేడిగా ఇచ్చేటంత శక్తిని ఆ ఎనిమిది గంటల్లో ఖర్చు చేయాలి. అది అసంభవం అన్నాడు.

కెల్విన్ గుణకారంలో తప్పు లేదు. సూర్యుడు అన్ని దిక్కులకూ అయస్కాంత తరంగాలు పంపుతాడని అనుకోవడంలో ఉంది పొరపాటు. నిజానికి సూర్యుడు ఒక దిక్కుగా పదార్థాన్నే విసురుతాడు, అయస్కాంత క్షేత్రం దానితోపాటు మూటగట్టుకుని వస్తుంది. కాని ఇది తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంతటి పెద్దమనిషి మాట కావడంతో ఈలోపల ఈ రంగంలో పనిచేసేవారికి జంకు తప్పలేదు.

1908లో అమెరికాలో హేల్ సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రాలున్నాయని రుజువు చేశాడు. మరుసటి ఏడాది మన కొడైకెనాల్‌లో ఎవర్షెడ్ మచ్చల చుట్టూ వాయువు బయటికి పారుతోందని కనిపెట్టాడు. దాంతో సూర్యుడి మీద అయస్కాంత శక్తి నిలవ ఉందని తేలింది. అది ఒక్కసారిగా అయిదు నిమిషాల్లో ఎలా బయటపడుతుందన్నదే మిగిలిన చిక్కు.

తెగి, మళ్లీ కలిసే రేఖలు

సూర్యుడి మీద పదార్థం ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు. అయస్కాంత బలరేఖలు ఇందులో గడ్డకట్టినట్టు ఇరుక్కుపోయి ప్లాస్మాతోపాటే కదులుతాయని 1940లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్‌వెన్ చెప్పాడు. ప్లాస్మా మెలికపడితే రేఖలూ మెలికపడతాయి. రబ్బరు లాగి పట్టుకున్నట్టు వాటిలో శక్తి చేరుతుంది. అయితే ఇరుక్కున్న రేఖలు విడవవు గదా, మరి శక్తి బయటపడేదెలా?

1946లో ఆస్ట్రేలియాకు చెందిన జొవనెల్లి దారి చూపాడు. ఎదురెదురు దిశల రేఖలు దగ్గరకు వచ్చి పరస్పరం రద్దయ్యే చోట క్షేత్రం సున్నా అవుతుంది. కథంతా అక్కడే ఉందన్నాడు. ఇంగ్లండులో హాయిల్ శిష్యుడు డంజీ ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయాడు. ఎదురెదురు రేఖలు ఒత్తుకున్నప్పుడు మధ్యలో పలుచని పొరగా కరెంటు ఏర్పడుతుంది. ఆ పొరలో పాత రేఖలు తెగి, ఇటు ముక్క అటు ముక్కతో కలుస్తుంది. కొత్తగా కలిసిన రేఖలు లాగి వదిలిన రబ్బరులా ప్లాస్మాను రెండు పక్కలకూ విసురుతాయి. దీనినే అయస్కాంత పునస్సంధానం అంటారు. బలరేఖలు మనం గీసుకున్నవే గాని నిజమైన తాళ్లు కావు. అయినా ఈ పోలిక లెక్కకు సరిగ్గా నిలుస్తుంది.

1956లో స్టాక్‌హోమ్ సభలో స్వీట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పొర నమూనాను వివరించాడు. ఆ సభలో ఉన్న అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ దానికి లెక్క కట్టి 1957లో ప్రచురించాడు. వెనకటి లెక్కన లక్షల సంవత్సరాలు పట్టే పని ఈ లెక్కన నెలలకు వచ్చింది. పెద్ద మెరుగే, కాని కారింగ్టన్ చూసింది నిమిషాల్లో! 1960లలో పెట్‌షెక్ ఇంకా వేగమైన మార్గం సూచించాడు. అది ఎప్పుడు వర్తిస్తుందన్న చర్చ దశాబ్దాలు సాగింది. రేఖలు గడ్డకట్టుకుంటాయని చెప్పిన ఆల్ఫ్‌వెనే ఈ పునస్సంధానం మాటను కడదాకా ఒప్పుకోలేదు. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటివాడు కాదన్నా చిన్నవాళ్లు కొలతలు ఆపలేదు.

భూమి తలుపు, ప్రయోగశాల

1961లో డంజీ మరో మెట్టు ఎక్కాడు. సూర్యుడి నుంచి వచ్చే గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే, భూమి ముందు భాగాన ఉన్న ఉత్తర దిశ క్షేత్రానికి ఎదురవుతుంది. అప్పుడు రేఖలు తెగి కలిసి, భూమి కవచంలో తలుపు తెరుచుకుంటుంది. క్షేత్రం ఉత్తర దిశగా ఉంటే తలుపు చాలావరకు మూసే ఉంటుంది. తరవాత ఉపగ్రహాలు కొలిచి ఈ మాట సరేనన్నాయి. 2015 మార్చిలో అమెరికావారు పంపిన నాలుగు ఎం.ఎం.ఎస్. ఉపగ్రహాలు ఆ సంవత్సరం అక్టోబరులో సరిగ్గా రేఖలు తెగే చోటులోంచే దూసుకుపోయాయి. అప్పుడు వాటి మధ్య దూరం సుమారు పది కిలోమీటర్లే. సెకనులో ముప్ఫయ్యో వంతుకొకసారి ఎలక్ట్రాన్లను కొలిచి, 1946 నాటి ఊహకు కళ్లెదుట సాక్ష్యం చూపాయి.

భూమి మీదా ఇది జరుగుతుంది. కేంద్రక సంలీనంతో విద్యుత్తు తీయాలని కట్టే టోకమాక్ యంత్రాల్లో ప్లాస్మా నడిబొడ్డు వేడి రంపపు పళ్లలాగా పెరిగి హఠాత్తుగా పడిపోతుంటుంది. దానికి పునస్సంధానమే కారణమని 1975లో రష్యా శాస్త్రజ్ఞుడు కదోమ్త్సెవ్ వివరించాడు. 1995 నుంచి ప్రిన్స్‌టన్‌లో దీనికోసమే ఒక యంత్రం పనిచేసింది. గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో మన ఆదిత్య టోకమాక్ నడక మొదలుపెట్టింది.

మనకేమిటి?

టెలిగ్రాఫు లైన్లు పోయాయి. మన దేశంలో 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. కాని తీగలు పోలేదు, వాటి మీద ఆధారపడే బతుకులు పెరిగాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో అయస్కాంత తుపాను విద్యుత్ వ్యవస్థను తొంభై సెకన్లలో కూల్చింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. 1859 నాటిది అంతకన్నా పెద్దది. ఆస్పత్రి, నీళ్ల పంపు, బ్యాంకు, చివరికి మన పెన్షను జమ, అన్నీ కరెంటు మీదే నడుస్తున్నాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 నౌక 2024 జనవరి 6న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన కక్ష్యకు చేరింది. దానిలోని ఒక పరికరం సూర్యుడి వైపునుంచి వచ్చే క్షేత్రం ఉత్తరమా, దక్షిణమా అన్నది కొలుస్తుంది. డంజీ చెప్పిన తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే అక్కడ తెలిసినది మనదాకా రావడానికి మిగిలే వ్యవధి గంట, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆ గంటలో లోడు తగ్గించి ట్రాన్స్‌ఫార్మర్లను కాపాడుకోవాలి.

తుపాను ఎంత పెద్దదయ్యే వీలుందో ఊహించడానికి మాత్రం నేటికీ శాస్త్రజ్ఞులు తిరిగి చూసేది కొలాబా అంకెలనే. ఇవాళ హైదరాబాదు దగ్గర చౌటుప్పల్‌లో కూడా ఎన్.జి.ఆర్.ఐ. వారి అయస్కాంత పరిశోధనశాల ఉంది. ఆనాడు కొలాబాలో అంకెలు రాసినవారికి పునస్సంధానమన్న మాటే తెలియదు. వచ్చిన అంకె నమ్మశక్యంగా లేకపోయినా దిద్దకుండా, వదలకుండా రాశారు. నూట నలభై నాలుగేళ్ల తరవాత దానికి అర్థం చెప్పగలిగారంటే ఆ నిజాయితీ వల్లనే. మన సర్వీసులో రోజూ నింపిన రిజిస్టర్లను చూసి ఇవెవరు చదువుతారని విసుక్కున్న మిత్రులందరూ కొలాబా సంగతి తెలుసుకోవాలి.