జంతు పరిశోధక కథలు

జంతు పరిశోధక కథలు అనగా జంతువులే నేరాన్నో, రహస్యాన్నో శోధించి నిజాన్ని వెలికితీసే కథలు. ఇవి బాలసాహిత్యంలో ఒక శాఖ. ఆధునిక కాలంలో ఇవి డిటెక్టివ్ కథలుగా ప్రసిద్ధి పొందినా, వీటి మూలాలు జాతక కథలలోను, పంచతంత్రంలోను కనిపిస్తాయి. ఒక దేశపు కథ మరొక దేశానికి చేరినపుడు అక్కడి న్యాయభావనలను బట్టి మారడం వీటిలో గమనించదగిన విశేషం.

జాతక కథలు

కుక్కుర జాతకంలో కాశీరాజు రథానికి చెందిన తోలుపట్టీలు రాత్రి వానకు తడిసి మెత్తబడగా కుక్కలు వాటిని తినివేస్తాయి. బయటి కుక్కలే తిన్నాయని భావించిన రాజు, అంతఃపురంలోని మేలుజాతి కుక్కలను మినహాయించి తక్కినవాటిని చంపమని ఆజ్ఞాపిస్తాడు. శ్మశానంలో నివసించే కుక్కల నాయకుడు (బోధిసత్త్వుడు) ఈ విషయాన్ని ఆలోచిస్తాడు. కాపలా ఉన్న కోటలోకి బయటి కుక్కలు రాలేవు గనుక దోషులు లోపలివే అయి ఉండాలని నిశ్చయించి, రాజసభకు వెళ్ళి, విచారణ లేకుండా శిక్షించడం పక్షపాతమని వాదిస్తాడు. మజ్జిగలో దర్భను కలిపి అంతఃపుర కుక్కలకు త్రాగించగా అవి తోలుముక్కలను కక్కివేస్తాయి. సాక్ష్యం బయటపడడంతో నిరపరాధులైన కుక్కల ప్రాణాలు దక్కుతాయి.

నళపాన జాతకంలో కోతుల రాజు ఒక కొలను వద్ద లోపలికి వెళ్ళిన అడుగుజాడలే గాని తిరిగి వచ్చినవి లేకపోవడం గమనించి, అందులో రాక్షసుడున్నాడని గ్రహిస్తాడు. కోతులన్నీ ఒడ్డునే కూర్చుని రెల్లు గొట్టాలతో నీరు త్రాగుతాయి. పంచతంత్రంలోని మాట్లాడే గుహ కథలో నక్క కూడా ఇటువంటి అడుగుజాడల ఆధారంగానే గుహలో సింహం ఉన్నదని అనుమానిస్తుంది.

దమనకుని విచారణ

సంస్కృత పంచతంత్రంలోని మిత్రభేదంలో దమనకుడు అనే నక్క, పింగళకుడనే సింహానికి, సంజీవకుడనే ఎద్దుకు మధ్య కలహం పెడుతుంది. సింహం ఎద్దును చంపుతుంది. దమనకునికి శిక్ష పడదు.

ఈ గ్రంథం 6వ శతాబ్దంలో పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా ద్వారా అరబ్బీలోకి వెళ్ళింది. కరటక, దమనకుల పేర్లు అక్కడ కలీలా, దిమ్నాలుగా మారాయి. అరబ్బీ గ్రంథంలో దిమ్నాపై విచారణ జరిపే అధ్యాయం ఒకటి అదనంగా ఉంది. దీనిని ఇబ్న్ అల్ ముకఫ్ఫాయే చేర్చాడని పండితుల అభిప్రాయం. ఇందులో నక్కల సంభాషణను చాటుగా విన్న చిరుతపులి సింహం తల్లికి ఆ సంగతి చెబుతుంది. దిమ్నా చెరసాలలో ఉన్నపుడు అతని మాటలు విన్న మరొక జంతువు కూడా సాక్ష్యమిస్తుంది. ఇద్దరు సాక్షులు దొరికిన తరువాతే దిమ్నాకు మరణశిక్ష పడుతుంది.

తెలుగులో

పంచతంత్రాన్ని దూబగుంట నారాయణకవి, బైచరాజు వేంకటనాథకవి పద్యకావ్యాలుగా రచించారు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం వచనంలో వ్రాశాడు. పాఠ్యగ్రంథంగా ఇది తరతరాల విద్యార్థులకు పరిచయమైంది.

1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డి మద్రాసులో ప్రారంభించిన చందమామ జాతక కథలను, పంచతంత్ర కథలను పిల్లలకు సులభ భాషలో అందించింది. వీరిద్దరే పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాల నిర్మాతలు. చందమామ ఇప్పుడు వెలువడడం లేదు.

తెలుగు అపరాధ పరిశోధక నవలలు మాత్రం ప్రధానంగా మానవ పాత్రలతోనే సాగాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వీటిలో ప్రసిద్ధులు.

చలనచిత్రాలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చిత్రపరిశ్రమకు కేంద్రాలు. తెలుగు చిత్రాలలోనూ పరిశోధకులు సాధారణంగా మనుషులే. జంధ్యాల దర్శకత్వం వహించిన చంటబ్బాయి (1986) ఇందుకు ఉదాహరణ. ఎస్.ఎస్. రాజమౌళి చిత్రం ఈగ (2012)లో కథానాయకుడు ఈగగా పుట్టి తన హంతకునిపై పగ తీర్చుకుంటాడు. హంతకుడెవరో మొదటినుండి తెలిసినందున ఇది పరిశోధన కథ కాదు, ప్రతీకార కథ.

పాశ్చాత్య సాహిత్యంలో

* వాల్టర్ ఆర్. బ్రూక్స్ 1932లో వ్రాసిన నవలలో ఫ్రెడ్డీ అనే పంది షెర్లాక్ హోమ్స్ కథలు చదివి డిటెక్టివ్‌గా మారుతుంది.
* ఈవ్ టైటస్ 1958లో ప్రారంభించిన పుస్తకాలలో బేసిల్ అనే ఎలుక లండన్‌లో షెర్లాక్ హోమ్స్ ఇంటి నేలమాళిగలో నివసిస్తూ, అతని పద్ధతులను విని నేర్చుకుంటుంది. తరువాతి పుస్తకాలలో బేసిల్ మెక్సికో మొదలైన దేశాలకు వెళుతుంది. డిస్నీ సంస్థ 1986లో దీని ఆధారంగా చిత్రం నిర్మించింది.
* 2000లో ఇటలీలో మొదలైన జెరోనిమో స్టిల్టన్ పుస్తకాలలో కథానాయకుడు ఎలుక రూపంలోని పత్రికా సంపాదకుడు. అతడు అనేక దేశాలు తిరుగుతాడు.

పోలికలు

పాశ్చాత్య కథలలో పరిశోధకుడు పరదేశానికి వెళ్ళి అక్కడి ఆచారాలను పిల్లలకు పరిచయం చేస్తాడు. భారతీయ కథల విషయంలో కథయే దేశాలు దాటింది. ఆధారం లేనిదే ఎవరినీ శిక్షించరాదన్న నీతి కుక్కుర జాతకంలోను, దిమ్నా విచారణలోను సమానంగా కనిపిస్తుంది.